వెంకటవ్వ షరతు

"నా గిలాసల నీళ్లెందుకు తాగినవ్‌రా?"

పొద్దున్నే వెంకటవ్వ అందుకుంది. కొడుకు పరుశురాం చేతిలో స్టీలు గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"గిలాస మీద నీ పేరు రాసున్నదా అవ్వా?"

"రాసే ఉన్నది. తిప్పి సూడు."

తిప్పి చూశాడు. నిజంగానే చెక్కించి ఉంది. కూర తరుగుతున్న అతని భార్య కరుణ తల ఎత్తలేదు.

పరుశురాం దగ్గుకుంటూ గ్లాసు కింద పెట్టాడు. సూరత్ వచ్చిన పద్దెనిమిదేళ్ల నుంచీ మగ్గాల మీదే పని. నూలు దుమ్ము, షుగరు రెండూ అక్కడే పట్టుకున్నాయి. పోయిన చలికాలం న్యుమోనియా వచ్చింది. మందుల షాపులో గోలీలు కొని, మూడో రోజు జ్వరం తగ్గగానే మానేశాడు. వారం తిరక్కుండా మళ్లీ పడ్డాడు. ఆ క్రిమి మామూలు గోలీలకు లొంగే రకం కాదని పరీక్షలో తేలింది. తొమ్మిది రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

అక్కడ డాక్టర్ మౌక్తిక చెప్పినవన్నీ కంఠతా పట్టుకొచ్చి, తల్లి వెంట పడ్డాడు.

"నీకు అరవై ఎనిమిదేండ్లు. టీకా ఏపిచ్చుకో అవ్వా. నాకొచ్చింది నీకొస్తే తట్టుకోవు."

వెంకటవ్వ చీర బేరం చేసినట్టే అడిగేది.

"ఆ పురుగు ఎన్ని రకాలు?"

"వందట."

"నీ సూది ఎన్నిటిని ఆపుతది?"

"ఇరవై."

"మరి ఎనభై?"

"మనుషులను ఎక్కువ పడగొట్టేటివి ఆ ఇరవైలనే ఉన్నయే. గోలీలకు లొంగని మొండివి గూడ శానవరకు అండ్లనే."

"ఆ ఇరవై అన్న పక్కా ఆగుతయా?"

"అన్నిసార్లు ఆగవు. గని పానం మీదికి రానియ్యదు."

"గిదేం సరుకురా, గ్యారంటీ లేదు."

ఆరు నెలలుగా ఇదే వరస. ఈ రోజు మాత్రం, గ్లాసు గొడవ చల్లారాక, ఆమె ఒక మెట్టు దిగింది.

"సరే. ముందు నువ్వు పొడిపిచ్చుకో. నా సంగతి తర్వాత చెప్త."

"నాకెందుకు? ఒకసారి వచ్చిపోయినోనికి మళ్ల రాదు."

"వందల ఒక్కటే కదరా వచ్చింది."

 కరుణ కత్తిపీట పక్కన పెట్టింది.

"కన్నతల్లి కోసం ఒక్క సూదికి గింత ఆలోచననా?"

ఆ మాట పనిచేసింది. సాయంత్రం కార్ఖానా నుంచి ముందుగానే బయటపడి, ఇద్దరినీ వెంటబెట్టుకుని డాక్టర్ మౌక్తిక క్లినిక్‌కు వెళ్లాడు. చొక్కా చెయ్యి మడిచి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి అయిపోయింది.

"ఇగ నువ్వు రా అవ్వా."

వెంకటవ్వ అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

"ఇయ్యాల మంగళారం. మంగళారం నేను సూది ముట్ట."

డాక్టర్ మౌక్తిక ఒకసారి కరుణ వైపు చూసి, ఏదో రాసుకోవడంలో మునిగిపోయింది.

ఏడింటికి అన్నానికి కూర్చున్నారు. పరుశురాంకు భుజం సలుపుతోంది. ముఖం మాత్రం గెలిచినవాడిదే.

"నాకేం కాలే, సూసినవ్ గద. రేపు పదింటికి తయారుండు."

వెంకటవ్వ నోట్లో ముద్ద నిదానంగా మింగింది.

"నేనైతే ఏపిచ్చుకోను."

"మాట తప్పుతవా అవ్వా? నీ పానం కోసమే గద నేను పొడిపిచ్చుకున్నది."

కరుణ అతని కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. వెంకటవ్వ తన పేరున్న గ్లాసు నిండా నీళ్లు పోసి, కొడుకు ముందుకు జరిపింది.

"పెద్దోళ్లకు ఈ సూది ఒక్కసారే ఏస్తరట కొడుకా, నాకు పోయిన నెలనే కరుణ ఏపిచ్చుకొచ్చింది."