పెద్దరాములు వరుస

"రసం తీపి ఇరవై నాలుగు చూపియ్యకుంటే ఈ వరుస రేపే పీకిస్త దేవమ్మా. మళ్ల అడ్డం పడకు" అన్నాడు తోట యజమాని శివరామకృష్ణ.

కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన ఆ వైన్ ద్రాక్షతోటలో తక్కిన వరుసలన్నీ యజమాని నర్సరీ నుంచి తెప్పించినవి. ఏపుగా పెరిగే వేరుమొక్క మీద అంటు కట్టినవి. గోలీల్లాంటి పండ్లతో గుత్తులు బరువుగా వేలాడతాయి. ఈ ఒక్క వరుసే, రెండేళ్ల కింద పోయిన దేవమ్మ పెనిమిటి పెద్దరాములు వెతికి తెచ్చిన వేరు మీద కట్టినది. ఎదుగుదల తక్కువ. తీగకు నాలుగు గుత్తులు, శనగగింజంత పండ్లు.

"పండు రంగు తిరిగినంక చెట్టుకు జెర దూప కావాలె. అప్పుడే రసం చిక్కబడ్తది" అనేవాడు అతను.

చెట్టును దాహంతో ఉంచాలన్న ఆ మాట దేవమ్మకు మింగుడుపడేది కాదు. వాడిన ఆకులు చూస్తే తన గొంతే ఎండినట్టుండేది. మధ్యాహ్నం అతను సద్ది తిని, ముఖాన తువ్వాల వేసుకుని కునుకు తీస్తుంటే, వరుస మొదట్లో అతనే మట్టిలో పూడ్చిన గొట్టం నల్లా తిప్పేది. లోపల నీళ్ల చప్పుడు వినబడగానే, ఎవరైనా చూస్తారని గబగబా గుడిసె దారి పట్టేది.

అతను లేచి, ఆమె తడి కొంగు చూసి కూడా ఏమీ అడిగేవాడు కాదు. పైగా గుడిసె వెనక నిమ్మచెట్టు చూపించి, "నీ చెయ్యి చల్లటిదే. చుక్క నీళ్లు పొయ్యకున్నా ఎండకాలమంత కాస్తది" అని మురిసిపోయేవాడు. ఆ కాయలు బొల్లారం కంపెనీ బస్సెక్కే ఆడవాళ్లకు పంచుతూ, దేవమ్మ కూడా అదే మాట గొప్పగా చెప్పుకునేది.

అతను పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఈ నెలంతా రోజూ నల్లా తిప్పింది.

వైన్ కంపెనీ నుంచి వచ్చిన ఇంద్రజ మొదట నర్సరీ వరుసల పండ్లు పిండి, తీపి కొలిచే చిన్న గాజు పరికరంలో చూసింది. పందొమ్మిది. వేరు నీళ్లు ఎంత దొరికితే అంత తాగేసిందనీ, రసం పలచబడిందనీ చెప్పింది. శివరామకృష్ణ ముఖం మాడిపోయింది.

ఆమె పెద్దరాములు వరుస వైపు తిరిగేసరికి దేవమ్మ వచ్చి యజమానికి ఎదురుగా నిలబడింది.

"పటేలా, తప్పు నాది. ఆయన తెచ్చిన వేరుది కాదు. రోజు నీళ్లిడిసింది నేనే. పనిల నుంచి నన్ను తియ్యుండ్రి, దాన్ని పీకకుండ్రి."

శివరామకృష్ణ కోపంగా పళ్లు నూరాడు. ఇంద్రజ మాత్రం ఒక పండు పిండి చూసింది. మరొకటి పిండింది. మూడోది నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"ఇరవై అయిదు. ఇసొంటి రసం ఈ చుట్టుపక్కల నేను సూడలే. నీళ్లు తాగిన చెట్టు కాదు పెద్దమ్మా ఇది."

"అబద్ధమెందుకు చెప్త బిడ్డా? నా చేతులతోని తిప్పిన."

అనుమానం తీరక శివరామకృష్ణ పార అందుకుని గొట్టం వెంట తవ్వుతూ పోయాడు. వరుస పొడుగునా గొట్టానికి ఒక్క రంధ్రం లేదు. ఏ తీగ దగ్గరా ఆగకుండా అది తోట దాటింది, కంచె కింద నుంచి దూరింది, గుడిసె వెనక్కి మళ్లింది.

ఆఖరి పార మట్టి దేవమ్మే చేతులతో తీసింది. గొట్టం కొస, అంటు కట్టినంత పదిలంగా, నిమ్మచెట్టు వేరుకు కట్టి ఉంది.