ఒక్క తప్పు కావాలి

అయిదుగురిలో ఒక్కరు కూడా ఎక్కడా ఆగలేదు. సింధుజ కొంప ముంచింది అదే.

"గొర్రెకు జబ్బు చేస్తే డాక్టర్‌ను పిలిచే యాప్. వాడి చూసినవాళ్లు అయిదుగురు. అందరూ అరవై దాటినవాళ్లు. ఒక్కరికీ చదువు రాదు." ప్రేమ్‌సాగర్ సార్ కాగితం తిప్పాడు. "అయినా ఒక్క తప్పు లేదు. అందరూ నిమిషంలోపే ముగించారు. హాస్టల్లో కూర్చుని రాశావా సింధుజా?"

"లేదు సార్. ఊరికి పోయిన. నా కండ్ల ముంగటనే చేసిన్రు."

ఫోన్లో ఏది ఎక్కడ ఉంటే మనిషికి సులువో నేర్పే చదువు ఆమెది. వికారాబాద్‌లో ఆఖరి ఏడాది. ఈ ప్రాజెక్టు పోతే ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించే ఓపిక ఇంట్లో లేదు.

"కొత్తగా వాడే మనిషి ఎక్కడో ఒకచోట తడబడతాడు. ఆ చోటు పట్టుకోవడమే మన పని," అన్నాడు సార్. "ఆదివారం నేనూ మీ ఊరికి వస్తా. మనిషిని నేనే ఎంచుకుంటా. ఎవరైనా నిజంగా తడబడితే నీ మాట నమ్ముతా. ఆ చోటు సరిదిద్ది తెచ్చివ్వు, ప్రాజెక్టు తీసుకుంటా."

ఇప్పుడు ఆమెకు కావాల్సింది ఒక్క తప్పు.

ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పే వీల్లేదు. తప్పు చేయమని అడిగితే అదీ మోసమే.

రాత్రి అమ్మకు ఫోన్ చేసింది. "సార్ నాతోటి వస్తడంట అమ్మా. తొవ్వల ఎవరు కనబడితె వాళ్లనే అడుగుతడంట."

"అడగనియ్యి," అంది హన్మమ్మ. "నువ్వు ఫికర్ జెయ్యకు. మనూరోళ్లేం తక్కువ గాదు."

అమ్మకేం తెలుసు? సెలవుల్లో తను ఈ యాప్ బొమ్మలు గీస్తుంటే పక్కన కూర్చుని చూసేది. అలా చూసినందుకే అమ్మను పరీక్షకు తీసుకోలేదు. ముందే చూసినవాళ్లు పనికిరారు.

ఆదివారం ఇద్దరూ రైల్లో తాండూరు చేరారు. అక్కడినుంచి ఆటో. యాలాల్ దాటాక ఊరు. ఆటో దిగుతూనే సార్ వీధంతా చూశాడు. ఒక అరుగు మీద ముసలామె కందులు చెరుగుతోంది.

"ఆమె," అన్నాడు.

చంద్రవ్వ. ఆ ఇంట్లో టచ్ ఫోనే లేదు. సింధుజకు ప్రాణం లేచొచ్చింది. ఈమె తప్పకుండా తడబడుతుంది.

పరీక్ష జరిగేటప్పుడు నోరు విప్పకూడదు. సైగ చేయకూడదు. చూడాలి, రాసుకోవాలి, అంతే. అంతకుముందు చెప్పాల్సిన నాలుగు మాటలు సింధుజ చెప్పింది.

"పెద్దమ్మా, గిది నీకు పరీక్ష గాదు. ఫోనుకు పరీక్ష. నువ్వు యాడన్న ఆగితె తప్పు ఫోనుది, నీది గాదు."

"గా ఫోనుల బొమ్మలు పెట్టిందెవరు?"

"నేనే."

"మల్ల తప్పు ఫోనుది ఎట్లయితదే పిచ్చిదానా? నీదే అయితది." చంద్రవ్వ చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఏదీ, ఇటు తే."

సార్ నవ్వు ఆపుకున్నాడు. సింధుజ రాసిన కాగితం చూసి చదివాడు. "గొర్రెకు కడుపు ఉబ్బింది. డాక్టర్‌ను పిలవాలి."

చంద్రవ్వ వేలు గొర్రె బొమ్మ మీద పడింది.

రెండో స్క్రీన్ మీద సింధుజకు ఆశ ఉంది. జ్వరం బొమ్మా, కడుపుబ్బరం బొమ్మా దాదాపు ఒకేలా ఉంటాయి. గీసిన తనకే ఒకోసారి పొరపాటు పడేది. ఆగు పెద్దమ్మా. ఒక్క క్షణం ఆగు.

వేలు ఆగలేదు.

మూడో స్క్రీన్‌లో బాణం గుర్తు మరీ కిందికి, మూలకు ఉంది. ఎవరైనా వెతుక్కోవాల్సిందే. వేలు నేరుగా మూలకే పోయింది.

సింధుజ పెన్ను కాగితానికి ఆనించే ఉంది. రాయడానికి ఏమీ లేదు. చంద్రవ్వ పెదాలు మెల్లగా కదులుతున్నాయి, దేవుణ్ని తలుచుకుంటున్నట్టు. నాలుగో స్క్రీన్. అయిదు.

"అయిపాయె సారూ. డాక్టరు వస్తుండు."

నలభై సెకన్లు.

"ఇక్కడ ఏం రాసుంది పెద్దమ్మా?" సార్ చివరి స్క్రీన్ చూపించి అడిగాడు.

"నాకు సదువెక్కడిది సారూ."

సార్ ఇంకో ఇద్దర్ని పిలిచాడు. ఈరయ్య ముప్పై అయిదు సెకన్లు. జంగప్ప ముప్పై. "జల్ది చేస్తె మార్కులు ఎక్కువ ఏస్తరా సారూ?" అని కూడా అడిగాడు జంగప్ప.

సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. అదే ఆమె భరించలేకపోయింది.

"ఇంత బాగా ఎవరూ చేయలేరమ్మా. నేను కూడా చేయలేను," అన్నాడు. "వచ్చే ఏడాది చూద్దాం."

"సార్, నేను ఎవ్వరికీ ఏం చెప్పలేదు సార్."

అది నిజం. ఆ నిజాన్ని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. సార్ ఎక్కిన ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

ఇంటి గుమ్మంలో హన్మమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నడే సారు?"

"అందరు మస్తు చేసిన్రన్నడు."

"మల్ల?" అంది హన్మమ్మ, ముఖం వెలిగిపోతుండగా. "పో, మొఖం కడుక్కొని రా. అన్నం తిందువు."

సింధుజ పెరట్లోకి నడిచింది. నీళ్ల తొట్టి పక్కన గోడకు ఆనించిన నాపరాయి మీద, తన యాప్‌లోని అయిదు స్క్రీన్లూ సుద్దతో వరసగా గీసి ఉన్నాయి, వేలు పెట్టాల్సిన ప్రతిచోటా అమ్మ దిద్దిన కుంకుమబొట్టుతో సహా.