పదకొండో రోజు పంపకం

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇంటి పనులకు కావలసిన ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను ఎవరివి వాళ్ళే చేసుకుంటున్నారు. మనిషి పోతే పదకొండో రోజున వాటిని విప్పి, విడిభాగాలను అయినవాళ్ళకు పంచడం ఆనవాయితీ. ఓబులేసు చనిపోయిన తన భార్య చేసినవాటిని ఒక్కొక్కటిగా విప్పేశాడు. పొయ్యి సెగతోనే నడుస్తూ, పాలు పొంగబోతే కూసేది ఒక్కటే మిగిలింది. మరదలు నాగరత్నం దాని కోసం చెయ్యి చాచింది.

"మీ యక్క మంచాన పడితే చూడ్డానికి రాకపోతివి. పంపకానికి మాత్రం బాగా వస్తివే," అన్నాడు.

"నాకు భాగాలొద్దు బావా. దాన్ని విప్పొద్దని అడగడానికొచ్చినా. ఆ వంకర అతుకులు నేనేసినవే. చిన్నప్పుడు అక్కా నేనూ పొయ్యికాడ కూర్చోని చేసినాం."

ఓబులేసు ఆ అతుకులను వేలితో తడిమాడు. అతుకులు కరిగించడానికి వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ స్విచ్ ఆపేశాడు. ఆమెను కూర్చోమనలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు. సర్క్యూట్‌ను మాత్రం విప్పకుండానే ఆమె చేతిలో పెట్టాడు.