మెడలో టేపు

"నా ఖాతా ఎందుకు ఆపేశారు మేడమ్?"

బ్యాంకు ఉద్యోగిని కంప్యూటర్ అడిగినామె వైపు తిప్పింది. "లేడీస్ టైలర్ అని రాశారు. డబ్బు వేసేదంతా మగవాళ్ళేనేంటండీ?"

ఆమె ఒళ్ళమ్ముకుని తెచ్చుకున్న నోట్లు దారిలో రౌడీలు లాక్కుంటుంటే, ఇకమీదట ఫోన్‌లో వేయించుకుందామని ఖాతా తెరిచి, నోటికొచ్చిన పని రాసేసింది.

"పెళ్ళాల జాకెట్లకి మొగుళ్ళు వేస్తారండీ."

"మా ఆయన జన్మలో వేయడు!" ఉద్యోగిని పకపకా నవ్వింది. "ఒక్క ఆడమనిషైనా వేస్తే మా పైవాళ్ళు నమ్ముతారు. నాకో జాకెట్టు కుట్టండి, నేనే వేస్తాను. టేపు మెడలోనే ఉందిగా, కొలతలు తీసుకోండి."

లేచి, చేతులు చాపి నిలబడింది.

నమ్మించడానికి పొద్దున్నే కొన్న టేపు అది. తానెన్ని ఒళ్ళు చూసిందో ఆమెకే లెక్క తెలియదు. కొలత ఎక్కడ మొదలుపెట్టాలో అంతకన్నా తెలియదు.