ఎడమ మూలన సంచీ

కొత్త కోచ్ మొదటిరోజే బోర్లా పడ్డాడు.

బాస్కెట్‌బాల్ కోర్టులో, గీతకు లోపల, ఎడమ మూలన ఎవరిదో పనిముట్ల సంచీ ఉంది. అందులోంచి రంపం పిడి ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

"ఎవరిదిది?" మోకాలు రుద్దుకుంటూ అరిచాడు.

"బావది సార్," అన్నారు ఆటగాళ్లు ఒకే గొంతుతో.

"ఎవరికి బావ?"

"అందరికీ సార్."

కోచ్‌కు అర్థం కాలేదు. ఆ క్లబ్బులో ఆయనకు అర్థంకాని సంగతుల్లో అది మొదటిది మాత్రమే.

బావకు నలభై రెండేళ్లు. పగలు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. సాయంత్రమైతే పద్నాలుగో నంబరు చొక్కా. పాత కెప్టెన్ చెల్లెల్ని చేసుకున్నాడు. కెప్టెన్ వెళ్లిపోయి ఏళ్లయినా ఆ పిలుపు మాత్రం మిగిలిపోయింది. పంతొమ్మిదేళ్లుగా అదే క్లబ్బు, అదే చొక్కా.

"సంచీ తీయండి," అన్నాడు కోచ్.

"ప్రాక్టీసయ్యాక తీస్తాను సార్."

"ఇప్పుడే తీస్తే ఏమవుతుంది?"

"ఎవరైనా అటు వెళ్తారు సార్."

"వెళ్తే?"

బావ నవ్వి బంతి అందుకున్నాడు.

కోచ్ పాత స్కోరు పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. సొంత కోర్టులో జరిగిన ప్రతి మ్యాచ్‌లోనూ పద్నాలుగో నంబరు ఉంది. పాయింట్లు చూస్తే సున్నా, రెండు, సున్నా, సున్నా. బయట మ్యాచ్‌లకైతే అసలు తీసుకెళ్లనే లేదు. కోచ్‌కు బుర్ర తిరిగిపోయింది.

ముప్పై ఏళ్లుగా స్కోరు రాస్తున్న అక్కను అడిగాడు.

"ఈయన్ని ఎందుకక్కా ఆడిస్తున్నారు?"

"ఆడితే గెలుస్తున్నాం కదండీ."

"ఆయనేం చేస్తున్నాడని?"

అక్క కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మీరు అవతలి క్లబ్బులో ఆడినవారు కదండీ," అంది, అదే జవాబన్నట్టు.

అది నిజమే. అవతలి క్లబ్బుకు ఆయన ఒకప్పుడు పంచప్రాణాలు. పదకొండేళ్ల కిందట ఇదే కోర్టులో, ఈ క్లబ్బుతోనే ఆడిన ఫైనల్ చివరి నిమిషంలో, బంతి ఆయన చేతికి అందకుండా జారిపోయింది. కప్పూ పోయింది. తన చెయ్యే తనను మోసం చేసిందనుకుని ఆ ఏడే ఆట మానేశాడు.

ఇప్పుడు శనివారం మ్యాచ్ గెలిస్తేనే క్లబ్బు లీగులో ఉంటుంది. ఓడితే కిందికి జారిపోతుంది. ఈసారి కూడా ఈ నేల మీద ఓడిపోతే ఇక తలెత్తుకోలేననుకున్నాడు కోచ్.

శుక్రవారం ప్రాక్టీసయ్యాక బావను పిలిచాడు.

"గోడకు కొట్టిన మేకులా ఒకేచోట నిలబడతారు. బంతి అడగరు. స్కోరు చెయ్యరు."

"నిజమే సార్."

ఎదురు చెప్పకపోయేసరికి కోచ్ ఇంకా తికమకపడ్డాడు.

"రేపు మీ బదులు కుర్రాణ్ణి దించుతున్నాను. మీరిక విశ్రాంతి తీసుకోండి."

బావ చొక్కా విప్పి, పెళ్లిబట్టలా జాగ్రత్తగా మడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"ఒక్క మాట సార్. ఆనాడు మీ చేతిలో ఏ లోపమూ లేదు."

"ఏనాడు?"

"ఆ ఎడమ మూల ఉందే, అక్కడ..."

కోచ్ గడియారం చూసుకున్నాడు. "మ్యాచ్ అయ్యాక మాట్లాడుకుందాం."

బావ సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

శనివారం జట్టు రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. కుర్రాడు చిరుతే, కాదనలేం. కానీ రెండో సగంలో మూడుసార్లు ఎడమ మూలనే బంతి పోగొట్టుకున్నాడు. ఒకసారైతే కంగారనుకోవచ్చు. మూడుసార్లా?

ఆదివారం పొద్దున్నే కోచ్ ఒక్కడే బంతి పట్టుకుని వచ్చాడు. కోర్టంతా దాన్ని నేలకు కొట్టుకుంటూ నడిచాడు. ప్రతి చెక్క పలక మీదా బంతి నడుము దాకా లేచింది. ఎడమ మూలన, సంచీ ఉండే చోట, మోకాలి దాకా కూడా లేవకుండా పక్కకు జారింది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ జారింది.

"కింద దూలం పుచ్చిపోయిందండీ," అంది స్కోరు అక్క గుమ్మంలోంచి. "బాగుచెయ్యాలంటే నేలంతా పీకాలి. వడ్రంగి కదా, బావ మొదటి ఏడే కనిపెట్టాడు."

"మరి...?"

"మనవాళ్లు ఇటువైపు ఆడే సగంలో వాళ్లు తొక్కకుండా తనే దాని మీద నిలబడేవాడు. ఎదుటివాళ్లు ఇటొచ్చే సగంలో వాళ్లను దాని మీదికి తోలేవాడు. స్కోరు పుస్తకంలో దానికి గడి లేదండీ."

"కుర్రాళ్లకు కూడా తెలీదా?"

"చెబితే నలుగురి నోటా పడదూ? ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నా తప్పూ ఉంది. మిమ్మల్ని పరాయివాడనుకున్నాను."

అక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"మళ్లీ పిలుద్దాం. నేనే వెళ్లి కాళ్లావేళ్లా పడతాను," అన్నాడు కోచ్.

"పిలిచి ఎక్కడ ఆడిస్తారు? ఈ హాలు మనది కాదు, కింది లీగు వాళ్లకివ్వరు. ఆయన విద్యంతా ఈ ఒక్క నేల మీదేగా!"

కోచ్ స్కోరు గదిలోకి నడిచాడు. బీరువాలోంచి పదకొండేళ్లనాటి పుస్తకం తీసి, ఫైనల్ పేజీ తెరిచాడు.

చివరి నిమిషం ఎదురుగా తన నంబరు ఉంది. దాని పక్కన అక్క చేతిరాత ఉంది: 'బంతి పోయింది, ఎడమ మూల.'

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, రెండు చేతులూ చాచి, ముట్టుకోకుండా, అడుగు తర్వాత అడుగుగా తనను ఆ మూలకు జరుపుకుంటూ వచ్చిన మనిషి ఛాతీ మీద తన కళ్లెదుటే ఊగిన ఆ అంకె, పద్నాలుగు.