గ్లాసులో ఐసు చప్పుడు

“ఆ గాజులు కాస్త తీసేయండమ్మా,” అన్నాడు దుకాణం యజమాని.

“తీయను,” అంది అత్తగారు.

పక్కనే నిలబడ్డ కోడలు ఇద్దరి వంకా చూసింది. ఈ స్పీకర్ల దుకాణంలో ఆమెది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. ఇవాళ కొనడానికొచ్చిన పెద్దమనుషులకి కొత్త స్పీకర్ల మీద రికార్డు వినిపించడం సవ్యంగా జరిగితే ఖాయం చేస్తానని యజమాని మాటిచ్చాడు. జరక్కపోతే ఏం చేస్తాడో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

అసలు అత్తగారిని తీసుకురమ్మన్నదే ఆయన. “ఆ జాజ్ రికార్డులో డ్రమ్ములు వాయించింది మీ మామగారా! ఇన్నాళ్ళూ చెప్పవేం? ఆయన లేకపోతేనేం, ఆవిణ్ణి ముందు వరసలో కూర్చోబెడదాం,” అని తెగ మురిసిపోయాడు. తీరా కూర్చోబెట్టాక ఈ పేచీ!

గదిలో గోడలకి మెత్తలు, నేలంతా మందపాటి తివాచీ. ఫోన్లన్నీ బయట బుట్టలో పెట్టించాడు. గోడ గడియారం పీకించాడు. కిర్రుమంటున్నాయని ఒకాయన చెప్పులు విప్పించాడు. యజమానివి పాము చెవులు మరి. పక్కగదిలో గుండుసూది పడితే ఏ మూల పడిందో కూడా చెబుతాడని దుకాణంలో చెప్పుకుంటారు.

“మీకు తెలీదమ్మా,” అన్నాడాయన ఓపిగ్గా. “జాజ్ రికార్డులు బోలెడున్నాయి. ఇంత స్వచ్ఛంగా రికార్డయినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మూడో పాటలో అన్ని వాయిద్యాలూ ఆగిపోయి, డ్రమ్ము మీద తీగల బ్రష్షులు మాత్రమే తిరుగుతుంటాయి చూడండి, అక్కడ సన్నగా ‘గల్లు’మంటుంది. మీ ఆయన పక్కన పెట్టుకున్న గ్లాసులో ఐసు కదిలిన చప్పుడది! అది వినిపిస్తేనే మంచి స్పీకరు. వీళ్ళంతా దానికోసమే వచ్చారు.”

“ఐసా?” అత్తగారు బుగ్గన వేలేసుకుంది. “ఆయనకి చల్లనీళ్ళు తాగితేనే పడిశం పట్టేది నాయనా!”

“పెద్దపెద్దవాళ్ళు వ్యాసాలు రాశారండీ దాని మీద.”

“రాస్తారు. వాళ్ళ సొమ్మేం పోయింది?”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని మొహం కందగడ్డయింది. కోడలి వైపు తిరిగాడు.

“ఏమ్మా, నువ్వైనా చెప్పు. గాజులైనా తీయాలి, ఆవిడైనా బయట కూర్చోవాలి.”

“ఆపరేషన్ బల్ల మీదే తీయలేదు,” అంది అత్తగారు. “నర్సు బతిమాలి బతిమాలి, చివరికి గాజుల మీదే దూది చుట్టుకుంది. నీ రికార్డుకి తీస్తానా?”

అత్తగారు తీయనందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తీయదు. కోడలికి ఆ సంగతి పెళ్ళయిన వారానికే తెలిసింది. ఇంకో రోజైతే అత్తగారి మీదే విసుక్కునేది. కానీ పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి, పదిమందిలో బయటికి పొమ్మనడమేమిటి? ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“ఆవిడ బయట కూర్చుంటే నేనూ బయటే కూర్చుంటాను సార్. రేపు కూడా రాను,” అనేసింది. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. “లేదంటే ఆ గాజులు నేను పట్టుకుంటాను. చప్పుడైతే ఇద్దర్నీ పంపేయండి.”

అందరూ చూస్తున్నారు. యజమాని గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

కోడలు పక్కన కూర్చుని, అత్తగారి రెండు చేతుల గాజుల్నీ రెండు పిడికిళ్ళతో బిగించి పట్టుకుంది. రికార్డు మీద ముల్లు దిగింది. మొదటి పాట, రెండో పాట. మూడోది మొదలవగానే అత్తగారి వేళ్ళు మోకాళ్ళ మీద గుండ్రంగా తిరగసాగాయి. వేళ్ళు ముందు తిరుగుతున్నాయి, స్పీకర్లో బ్రష్షు చప్పుడు వెనక వస్తోంది. మామగారు వాయిస్తుంటే ఎన్నిసార్లు విందో పాపం, అనుకుంది కోడలు.

మిగతా వాయిద్యాలు ఆగిపోయాయి. గదిలో అందరూ ముందుకి వంగారు.

గల్లు!

“చెప్పానా!” యజమాని ఎగిరి లేచి ముల్లు ఎత్తేశాడు. “ఐసు వినపడనే లేదు, గాజులే వినపడ్డాయి! గాజుల చప్పుడు పోల్చుకోలేని చెవులు కావు నావి. లేవండి ఇద్దరూ!”

కోడలు లేచింది. పిడికిళ్ళు వదలకుండా అత్తగారి చేతులు రెండూ అందరికీ కనిపించేలా పైకెత్తింది.

“ఇవి కదల్లేదు సార్. నా చేతుల్లోనే ఉన్నాయి. మళ్ళీ వేయండి.”

“వేసేదేమిటి? పదండి బయటికి!”

“మళ్ళీ వేసి చూపించి పంపండి!”

“వేయవయ్యా, చూద్దాం,” అన్నాడు వెనక వరసాయన. యజమాని పళ్ళు నూరుకుంటూ ముల్లు దించాడు. ఈసారి ఎవరూ స్పీకర్ల వైపు చూడలేదు. అందరి కళ్ళూ గాలిలో ఉన్న ఆ చేతుల మీదే ఉన్నాయి.

గల్లు!

చేతులు కదల్లేదు. చప్పుడు స్పీకర్లోంచి వచ్చింది.

యజమాని స్పీకర్ల వంక చూశాడు, గాజుల వంక చూశాడు. “కానీ అవి గాజులే,” అన్నాడు నీరసంగా. “నా చెవులు అబద్ధం చెప్పవు.”

“చెప్పలేదులే నాయనా,” అంది అత్తగారు, కోడలి పిడికిళ్ళు నెమ్మదిగా విడదీసి గాజులు సర్దుకుంటూ. “ఆ రోజు మా ఆయనకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. బ్రష్షులు నా చేతికిచ్చి, గాజులు తీసి వాయించమన్నారు. రికార్డు అట్ట మీద పేరు కావాలంటే ఆయనదే వేసుకోండి, గాజులు మాత్రం తీయనన్నాను.”