తడిగీత

"ఊరికే లాగితే వంకర పోతుంది నాన్నా. కుంచెతో తడిగీత గీసి, నానాక మెల్లగా లాగాలి. అమ్మ నేర్పిందే," అంటూ కూతురు ఆల్బమ్ పేజీకి నీలం కాగితం చింపింది. తెల్లగా తేలిన అంచుకి రంగు అద్దింది.

తర్వాత, పోయిన తల్లి పెట్టెలో దొరికిన పెళ్లిఫోటో ముక్కలు రెండూ బల్లమీద పెట్టింది.

"ముక్కుమీద కోపం మీ అమ్మకి. చర్రున చింపి పారేసింది," అన్నాడు తండ్రి. అది చింపిన నాటినుంచి, క్షణికమైన కోపమే కదా అని ఆయన పదేళ్లు సర్దుకుపోయాడు.

కూతురు అంచు తడిమింది. "కోపంతో కాదు నాన్నా, తడిపి చింపింది. నీ భుజం చుట్టూ ఎక్కడా గీత తప్పలేదు. తన ముక్క అంచుకి రంగు కూడా..." ఆగిపోయింది.

ఆయన ఆ రంగు అంచుమీద వేలు పెట్టి చివరిదాకా రాశాడు.

"రెండూ కలిపి అతికించేయనా?"

"వద్దు. తీరిగ్గా చేసుకున్న పని. చెడగొట్టకు."